పాడే ఓడలు, మా డాక్‌యార్డ్

విశాఖలో డాక్‌యార్డ్ చుట్టుపక్కల బతికినవాళ్లకి షిప్పు పేరు తెలియాలంటే దాన్ని చూడక్కర్లేదు, చప్పుడు వింటే చాలు. రాజ్‌పుత్ క్లాస్ డిస్ట్రాయర్‌లో, అంటే రాజ్‌పుత్ డిజైన్‌లో కట్టిన యుద్ధనౌకలో, ఇంజన్ స్టార్ట్ చేస్తే ముందు సన్నగా ఈల మొదలవుతుంది. అది మెట్టు మెట్టుగా పెరిగి, దూరంగా ఎవరో ఊపిరి తీసుకోకుండా శంఖం ఊదుతున్నట్టు అక్కడ నిలబడిపోతుంది. డీజిల్ షిప్పులది వేరే గుడగుడ, ఆవిరి షిప్పులది వేరే గురక. ఈ రాగం మాత్రం రాజ్‌పుత్, రాణా, రంజిత్, రణ్‌వీర్, రణ్‌విజయ్ అనే ఆ అయిదు షిప్పులదే. ఇదే తరహా ఓడల్ని సోవియట్ నావికులు ‘పాడే ఫ్రిగేట్లు’ అని ముద్దుగా పిలుచుకునేవారట. డాక్‌యార్డ్ పక్కనున్న మల్కాపురంలో మేము ‘రాజ్‌పుత్ అరుస్తోంది’ అనుకునేవాళ్లం. అరిచింది రాణా అయినా, రంజిత్ అయినా మాకు అదే మాట.

నేను నేవల్ డాక్‌యార్డ్‌లో ఫిట్టర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం గ్యాస్ టర్బైన్ల పనే. అంటే గాలిని నొక్కి, ఇంధనంతో మండించి, ఆ వేడి వాయువుతో తిరిగే ఇంజన్లు. డిస్ట్రాయర్ల గురించి రాసేవాళ్లు మిసైళ్లు ఎన్ని, రాడార్లు ఎన్ని అని రాస్తారు. అవి ముఖ్యమే. కానీ ఆ షిప్పుల్ని కింద నుంచి, లోపల నుంచి, నూనె చేతులతో చూసినవాళ్లకి అవి వేరేగా గుర్తుంటాయి. ఆ గుర్తులు నాతోనే పోకూడదని ఇది రాస్తున్నాను.

ముందు ఈ షిప్పుల పుట్టుక చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక డిస్ట్రాయర్ అనే ఓడ పనే మారిపోయింది. టార్పెడోలు మోసుకుని పరుగెత్తే ఓడ కాస్తా ఇప్పుడు విమానాల్ని కూల్చాలి, జలాంతర్గాముల్ని వేటాడాలి. సోవియట్ నేవీ దానికోసం ప్రాజెక్ట్ 61 అని కొత్త డిజైన్ గీయించింది. నాటో వాళ్లు దానికి కాషిన్ అని పేరు పెట్టారు. ఆ వరసలో మొదటి ఓడ ‘కొమ్సొమోలెత్స్ ఉక్రాయినీ’ 1962లో సర్వీసులోకి వచ్చింది. పెద్ద యుద్ధనౌకల్లో పూర్తిగా గ్యాస్ టర్బైన్ల మీదే నడిచిన మొదటి తరగతి ఇదే. ఇరవై ఓడలు సోవియట్ నేవీ కోసం కట్టారు. తర్వాత అదే డిజైన్‌ని మార్చి మనకోసం అయిదు కట్టారు. ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న నికొలాయెవ్ ఊళ్లో, 61 కమ్యూనార్డ్స్ అనే షిప్‌యార్డ్‌లో.

ఆవిరి షిప్పుల మీద పనిచేసిన మా సీనియర్లకి గ్యాస్ టర్బైన్ అంటే ముందు నమ్మకం కుదరలేదు. బాయిలర్ వెలిగించి, ఆవిరి పట్టుకుని, షిప్పు కదలడానికి గంటలు పట్టే కాలంలోంచి వచ్చినవాళ్లు వాళ్లు. ఇది నిమిషాల్లో సిద్ధం. నాలుగు టర్బైన్లు, ప్రొపెల్లర్లు తిప్పే రెండు షాఫ్టులు, అన్నీ కలిపి 72,000 హార్స్‌పవర్. దగ్గర దగ్గర 5,000 టన్నుల షిప్పు 35 నాట్లు పరుగెత్తేది, అంటే గంటకి 65 కిలోమీటర్లు. స్పీడు పెంచితే ఇంధనం నీళ్లలా తాగేస్తుంది, అది వేరే సంగతి.

మా మేస్త్రి గారు శ్రీకాకుళం వైపు మనిషి. నేను అప్రెంటిస్‌గా మొదటిసారి ఇంజన్ రూములోకి దిగి, మెషీన్ వైపు నోరు తెరుచుకుని చూస్తుంటే భుజం మీద తట్టి అన్నారు: “ఏట్రా అలా చూస్తన్నావు? ఇది గాలి మిషను. దీనికి గాలే కూడు. ఆ గాల్లో ఉప్పు లేకుండా చూసుకో, ఇంకేటీ అక్కర్లేదు.” గ్యాస్ టర్బైన్ మీద తర్వాత ఎన్ని క్లాసులు విన్నా, పాఠం మాత్రం అప్పుడే అయిపోయింది నాకు.

సముద్రం మీద గాల్లో ఉప్పు ఉంటుంది. ఎంత ఫిల్టర్ చేసినా కొంత లోపలికి పోతుంది. అది గాలిని నొక్కే కంప్రెసర్ బ్లేడ్ల మీద పొరలా పేరుకుంటుంది. కంటికి ఆనని పొరే, కానీ బ్లేడు ఆకారం చెడితే గాలి సరిగా నొక్కుకోదు, ఇంజన్ వేడెక్కుతుంది, బలం తగ్గుతుంది. అందుకని కంప్రెసర్ వాష్ చేయాలి. ఇంజన్‌ని మండించకుండా ఊరికే తిప్పుతూ మంచినీళ్లు కొట్టడం. కింద డ్రెయిన్ నుంచి నీళ్లు కారుతుంటాయి. ముందు వచ్చే నీళ్లు మసి రంగులో, కొంచెం జిడ్డుగా ఉంటాయి. తర్వాత బూడిద రంగు. తర్వాత తేట. మేస్త్రి గారు ఆ తేటనీళ్లు వేలితో తీసి నాలిక మీద పెట్టుకునేవారు. ల్యాబ్ రిపోర్టు ఎలాగూ వస్తుంది, అయినా ఆయన నాలిక ఒప్పుకుంటేనే మూత బిగించనిచ్చేవారు. ఇంకా ఉప్పు తగిలితే “ఇంకో విడత” అని వెళ్లి బయట కూర్చునేవారు. మేము మళ్లీ మొదలు.

ఈ షిప్పు చూడగానే గుర్తుపట్టేది పొగగొట్టాల వల్ల. ఒకటి కాదు, నాలుగు. జంటలు జంటలుగా, పక్కపక్కనే, బయటికి వాలినట్టు. వేడి గాలి రాడార్ల మీదకి, మాస్టుల మీదకి పోకుండా పక్కలకి నెట్టేయడానికి అలా పెట్టారు. గ్యాస్ టర్బైన్ ఎంత గాలి పీల్చి ఎంత వదులుతుందో ఆ గొట్టాల సైజు చూస్తేనే తెలుస్తుంది. షిప్పు నడిమి భాగమంతా వాటికే పోయింది. ఈ డిజైన్‌ని తప్పుపట్టేవాళ్లు ముందు ఎత్తి చూపేది అదే. నేను ఒప్పుకోను. ఎందుకంటే ఇంజన్ మార్చాల్సి వచ్చినప్పుడు ఆ వెడల్పాటి దారిలోంచే దాన్ని క్రేన్‌తో పైకి లాగొచ్చు. డెక్ కోయక్కర్లేదు. కాగితం మీద గీసినవాడు మరమ్మతు చేసేవాడి గురించి కూడా ఆలోచించాడన్నమాట. నా సర్వీసులో చాలా దేశాల మెషినరీ చూశాను, అలా ఆలోచించినవాళ్లు తక్కువ.

పై కట్టడం అంతా అల్యూమినియం, మెగ్నీషియం కలిపిన తేలిక లోహం. పైన బరువు తగ్గితే ఓడ నిలకడగా ఉంటుంది. కానీ కింద ఉక్కు, పైన అల్యూమినియం, మధ్యలో ఉప్పునీటి తడి. రెండు లోహాలు కలిసే చోట తుప్పు ఊరుకోదు. విశాఖ ఉక్కపోతలో ఆ జాయింట్ల దగ్గర మా వెల్డర్లు పడ్డ కష్టం ఇంతా అంతా కాదు. ఉక్కు అతికే చేతికి అల్యూమినియం లొంగదు. దాని ఓపిక వేరు, దాని వేడి వేరు. ఆ పని బాగా వచ్చినవాళ్లు షాపు మొత్తం మీద కొద్దిమందే ఉండేవారు. రిఫిట్, అంటే ఓడకి పెద్ద మరమ్మతులు చేసే సమయంలో వాళ్ల కోసం అన్ని డిపార్ట్‌మెంట్లూ క్యూ కట్టేవి.

ప్యానెళ్ల మీద, వాల్వుల మీద రష్యన్ అక్షరాలు. పుస్తకాలకి అనువాదాలు ఉండేవి, కానీ చీకట్లో, పైపుల సందులో పడుకుని పుస్తకం తిప్పలేం కదా. నా దగ్గర ఒక చిన్న నోటుబుక్కు ఉండేది. మాస్లో అంటే నూనె, వదా అంటే నీళ్లు, తోప్లివో అంటే ఇంధనం. ఇలా తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. గ్రీజు మరకలతో పేజీలు అతుక్కుపోయేవి. అసలు మా డాక్‌యార్డ్ ఇప్పుడున్న రూపానికి వచ్చిందే సోవియట్ సాయంతో. వాళ్ల నిపుణులు కుటుంబాలతో విశాఖలో ఉండేవారు. ఒకాయన మా షాపుకి వచ్చి, మాటలు కలవకపోయినా చేతులతో చూపించి గంటలు గంటలు నేర్పేవాడు. మధ్యాహ్నం మా క్యారేజీల్లో ఆవకాయ అన్నం పెడితే కళ్లలో నీళ్లు తిరిగేవి, అయినా మర్నాడు మళ్లీ అడిగేవాడు.

మనవాళ్లు అడిగి చేయించిన మార్పులు కూడా చెప్పుకోవాలి. సోవియట్ కాషిన్‌లో ముందొకటి, వెనకొకటి జంట ఫిరంగులు. మన షిప్పుల్లో వెనక ఫిరంగి తీసేసి హెలికాప్టర్‌కి చోటు చేశారు. హ్యాంగర్ డెక్ కింద ఉంటుంది, కమోవ్ హెలికాప్టర్ లిఫ్ట్ మీద పైకొస్తుంది. నాలుగు పెద్ద మిసైళ్లని బ్రిడ్జికి (కెప్టెన్ ఓడని నడిపించే గదికి) అటూ ఇటూ, ముందుకి ముఖం పెట్టి అమర్చారు. 1971లో కరాచీ మీద దాడి చేసిన మిసైల్ కుటుంబంలోని తర్వాతి తరం అవి. మొదటి షిప్పు ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ 1980 మే 4న, ఇప్పటి జార్జియాలో ఉన్న పోతి రేవులో నేవీలో చేరింది. దాని మొదటి కెప్టెన్ గులాబ్ మోహన్‌లాల్ హీరానందాని. కరాచీ దాడి నాటికి పశ్చిమ నౌకాదళానికి ఆపరేషన్స్ ఆఫీసరు ఆయనే. మూడోది రంజిత్, 1983లో. దాన్ని మొదట నడిపిన కెప్టెన్ విష్ణు భగవత్ తర్వాత నేవీ అధిపతి అయ్యారు. రాణా, రణ్‌వీర్, రణ్‌విజయ్ మిగతా మూడు. పక్కన రాసే నంబర్లు 51 నుంచి 55 వరకు. డాక్‌యార్డ్‌లో సగం మంది పేర్లు అనేవారు కాదు, “యాభై మూడు వచ్చిందా?” అని అడిగేవారు.

రాజ్‌పుత్ అనే పేరు మాకు కొత్త కాదు. ఆ పేరుతో పాత డిస్ట్రాయర్ ఒకటి ఉండేది, బ్రిటిష్ వాళ్ల దగ్గర్నుంచి తీసుకున్నది. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలో మునిగిన కథలో ఆ ఓడే ఉంది. అసలెలా మునిగిందన్న దాని మీద రెండు దేశాలకీ ఇప్పటికీ ఒప్పందం లేదు. మా నాన్న మాత్రం ఆ రాత్రి తలుపులు అదిరిన సంగతి చనిపోయేదాకా చెప్పేవారు. బ్లాకవుట్ వల్ల దీపాలు లేవు, ఏం జరిగిందో తెలియదు, పిల్లల్ని దగ్గరికి లాక్కుని కూర్చున్నారట. ఆర్కే బీచ్‌లో ‘విక్టరీ ఎట్ సీ’ స్థూపం దగ్గర ఫొటోలు దిగే పిల్లలకి ఆ రాత్రి సంగతి ఎవరైనా చెబుతున్నారో లేదో.

నేవీ వారోత్సవాల్లో షిప్పుల్ని జనానికి చూపించేవారు. మా అమ్మాయి చిన్నప్పుడు దాన్ని తీసుకుని రంజిత్ ఎక్కాను. ముందు డెక్ మీద గుర్రపు నాడా ఆకారంలో పన్నెండు గొట్టాల యంత్రం చూసి అక్కడే ఆగిపోయింది. జలాంతర్గాముల మీదకి రాకెట్లు వదిలేది అది. గొట్టాలు నిలువుగా తిరిగితే డెక్ కింద నుంచి రాకెట్లు వాటంతట అవే ఎక్కుతాయని ఒక నావికుడు చెప్పాడు. “మరి కింద ఎవరుంటారు?” అని అడిగింది. ఆ కుర్రాడు నవ్వి, “మేమే అమ్మా” అన్నాడు. సుమారు 320 మంది ఉండేవారు ఒక్కో షిప్పులో. 147 మీటర్ల ఓడలో అంతమంది మనుషులు, మందుగుండు, ఇంధనం, నాలుగు టర్బైన్లు. ఎక్కడ చూసినా పైపులు, కేబుళ్లు, వాటి మధ్య వేలాడే బంకులు. ఎండాకాలంలో లోపల పనిచేసి పైకొస్తే విశాఖ మే నెల కూడా చల్లగా అనిపించేది.

ఇలా రాస్తుంటే ప్రమాదాలు గుర్తుకు రాకుండా ఉండవు. 1974లో నల్లసముద్రంలో ఇదే తరగతి సోవియట్ ఓడ ‘ఒత్వాజ్నీ’ సొంత మిసైళ్లు పేలి, కాలి మునిగిపోయింది. రెండు డజన్ల మంది పోయారు. మన రణ్‌వీర్‌లో 2022 జనవరి 18న, ముంబై డాక్‌యార్డ్‌లో ఉండగా లోపలి గదిలో పేలుడు జరిగి ముగ్గురు నావికులు చనిపోయారు. ఆ వార్త టీవీలో వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ షిప్పు లోపలి దారులన్నీ కళ్లు మూసుకున్నా కనిపిస్తాయి. రక్షణ మాటకొస్తే మా మేస్త్రి గారు ఎవరినీ క్షమించేవారు కాదు. గ్యాస్ టెస్ట్ చేయకుండా ట్యాంకులోకి తల పెట్టిన కుర్రాడిని కాలర్ పట్టుకుని బయటికి లాగేసి, ఆ రోజంతా మాట్లాడలేదు.

ఈ షిప్పులు చేసిన సేవ లెక్క రాస్తే పొడుగవుతుంది. 1987 తర్వాత శ్రీలంకలో మన సైన్యం ఉన్నప్పుడు తీరం కాపలాకి తిరిగాయి. 1988లో మాల్దీవుల కుట్రని అణచినప్పుడు రాజ్‌పుత్ వెళ్లింది. కార్గిల్ సమయంలో సముద్రం మీద మోహరించిన వాటిలో రంజిత్ ఉంది. 2004 సునామీకి, 2014లో మన హుద్‌హుద్ తుపానుకి సహాయానికి కదిలింది. తుపాను వస్తోందంటే వీలైన షిప్పుల్ని హార్బర్‌లో ఉంచరు, సముద్రంలోకి పంపేస్తారు. కట్టేసిన ఓడ గట్టుకి కొట్టుకుని దెబ్బ తింటుంది, నడిసముద్రంలో ఉంటేనే దానికి క్షేమం. అంటే నావికులు నీటి మీద, వాళ్ల భార్యాపిల్లలు క్వార్టర్లలో గాలికి ఊగే కిటికీల మధ్య. హుద్‌హుద్ రోజు మా వీధిలో రేకులన్నీ ఎగిరిపోయాయి. పక్క క్వార్టర్‌లో ఉండే ఒడియా నావికుడి భార్య ఇద్దరు పిల్లల్ని తీసుకుని మా ఇంటికొచ్చేసింది. ఫోన్లు లేవు, కరెంటు లేదు. ఆవిడ అడిగింది ఒక్కటే, “అంకుల్, ఆ షిప్పు గట్టిదేనా?” అని. గట్టిదేనమ్మా, నా చేత్తో బిగించిన బోల్టులున్నాయి అందులో అన్నాను. మూడో రోజుకి కబురు తెలిసింది, క్షేమమని.

నాకు అన్నిటికన్నా గర్వంగా అనిపించేది బ్రహ్మోస్ సంగతి, మన దేశం రష్యాతో కలిసి చేసిన మిసైల్ అది. 1960ల నాటి డిజైన్, పాతబడిన షిప్పు అని అందరూ అనుకుంటున్న సమయంలో, బ్రహ్మోస్‌ని ఓడ మీద నుంచి 2003లో మొదటిసారి ప్రయోగించింది రాజ్‌పుత్ మీద నుంచే. పాత మిసైళ్లలో ఇటొకటి అటొకటి తీసేసి, వాటి చోట బ్రహ్మోస్ పెట్టెలు అమర్చారు. 2008లో రణ్‌వీర్ మీద నుంచి నిలువుగా వదిలారు. కొత్త మిసైల్ అంటే కొత్త వైరింగ్, కొత్త ఫౌండేషన్, కొత్త వేడి లెక్కలు. సోవియట్ బల్లల మీద గీసిన ఓడలోకి అవన్నీ ఇమిడాయంటే ఆ డిజైన్ గొప్పతనం సగం, దాన్ని ఇరవై ఏళ్లుగా విప్పి బిగించిన చేతుల గొప్పతనం సగం. పేపర్లలో మిసైల్ ఫొటో వచ్చింది, సైంటిస్టుల పేర్లు వచ్చాయి, రావలసిందే. షాపులో మేము మా పని ఉన్నచోటు మీద పెన్నుతో సున్నా చుట్టి ఆ పేపర్ కటింగ్‌ని నోటీసు బోర్డుకి అంటించుకున్నాం.

సెలవు రోజుల్లో కూడా నేను దర్గా కొండ ఎక్కి కూర్చునేవాణ్ణి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్, మధ్యలో లోపలి హార్బర్‌కి వెళ్లే కాలువ. ఆ సన్నని దారిలోంచి డిస్ట్రాయర్ లోపలికి వస్తుంటే కొండ మీద నుంచి డెక్ మీద మనుషుల ముఖాలు కూడా ఆనుతాయి. తెల్ల బట్టల్లో వరసగా నిలబడి ఉంటారు. మా ఆవిడ, “డ్యూటీలో చూసింది చాలలేదా?” అనేది. డ్యూటీలో మాకు కనిపించేది ముక్కలు. పంపు, వాల్వు, బేరింగు. మొత్తం ఓడ కనిపించేది అక్కడి నుంచే.

రంజిత్‌ని 2019 మే 6న సాగనంపారు. ముప్ఫై ఆరేళ్లు. సముద్రం మీద 2,190 రోజులు, 7,43,000 నాటికల్ మైళ్లు తిరిగిందని నేవీ లెక్క చెప్పింది. పాత నావికులు దేశం నలుమూలల నుంచి వచ్చారు. ముసలివాళ్లయిపోయి, పిల్లల చేతులు పట్టుకుని నడుస్తున్నారు, కానీ గ్యాంగ్‌వే ఎక్కే ముందు వెన్ను నిటారయ్యేది. రాజ్‌పుత్‌కి ఆ భాగ్యం లేకపోయింది. 2021 మే 21, కరోనా రెండో వేవ్ ఉధృతంగా ఉన్న రోజులు. నలభై ఒక్కేళ్లు నడిచిన షిప్పుని డాక్‌యార్డ్‌లో ఉన్న కొద్దిమంది మధ్య సూర్యాస్తమయం వేళ జెండా దించి పంపించారు. నేను ఇంట్లో ఫోన్‌లో ఆ ఫొటోలు చూశాను. మా బ్యాచ్‌లో ఇద్దరు ఆ నెలలోనే కరోనాతో పోయారు. వాళ్లు కూడా ఆ షిప్పు మనుషులే.

ఆ ఏడాదే నవంబర్‌లో మన ఊరి పేరుతోనే కొత్త డిస్ట్రాయర్, ఐఎన్‌ఎస్ విశాఖపట్నం నేవీలో చేరింది. కట్టింది ముంబైలో. నాలుగు గ్యాస్ టర్బైన్లే దానికీ, వాటి పుట్టిల్లూ ఆ నికొలాయెవ్ ఊరే. ఉక్రెయిన్ యుద్ధం వార్తల్లో ఆ ఊరి మీద బాంబులు పడుతున్నాయని చదివినప్పుడల్లా, మాకు చేతులతో చూపించి నేర్పిన ఆ రష్యన్ ఆయన, ఆయనతో వచ్చిన వాళ్లందరూ గుర్తుకొస్తారు. ఎవరు ఏ దేశం వైపు మిగిలారో.

నా కింద అప్రెంటిస్ చేసిన కుర్రాడు ఇప్పుడు టర్బైన్ ఓవర్‌హాల్ పనిలో చార్జ్‌మన్. మొన్న ఫోన్ చేశాడు. ఒక మెషీన్ కడిగాక కూడా వేడి తగ్గడం లేదట, రీడింగులన్నీ చదివి వినిపించాడు. నీళ్లు ఎక్కడి నుంచి పట్టారని అడిగాను. చెప్పాడు. ఆ లైను మార్చి ఇంకో విడత కొట్టమన్నాను. రేపు చేసి చెబుతానన్నాడు.